మన వివరాలు ఎవరి చేతిలో అమానత్?

ఈ ఏటి సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇమ్మని సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, కుతుబ్‌షాహీల కట్టడాల గురించో, స్వాతంత్ర్యోద్యమంలో మనవారి పాత్ర గురించో వ్రాద్దామనుకున్నాను. ఇంతలో ఒకరోజు అసర్ నమాజు తర్వాత నాలుగు మిర్చి బజ్జీలు కట్టించుకుని ఇంటికి వచ్చాను. పొట్లం విప్పితే నూనె మరకల మధ్య ఒక ఆడపిల్ల ఫోటో కనిపించింది. అది స్కాలర్‌షిప్పు దరఖాస్తు జిరాక్సు కాపీ. పిల్ల పేరు, తండ్రి పేరు, ఇంటి నెంబరు, ఆధార్ నెంబరు, బ్యాంకు ఖాతా నెంబరు, తల్లి ఫోను నెంబరు, తండ్రి ఏడాది సంపాదన, అన్నీ అందులో ఉన్నాయి. ఆ పిల్ల మా బడి పిల్లే. ఆ దరఖాస్తుల కట్టను నెట్ సెంటరుకు పంపినది కూడా మేమే.

మర్నాడు వెళ్ళి అడిగితే, "ఎక్కువైన కాపీలు రద్దీలో వేశాం సార్, అదేం పెద్ద సంగతి?" అన్నాడు అక్కడి కుర్రవాడు. మిగిలిన కాపీలు ఎన్ని పొట్లాలయ్యాయో ఎవరికి తెలుసు? పిల్ల తండ్రికి జరిగింది చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సార్, ఆ కాగితం నేను ఆఫీసుకి ఇచ్చాననుకోలేదు, మీ చేతికి ఇచ్చాననుకున్నాను" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. అందుకే ఈసారి కట్టడాల చరిత్ర ప్రక్కన పెట్టి, మనుషుల వివరాలు వ్రాసి పెట్టుకోవడం అనే పని చరిత్రను పాఠకుల ముందు పెడుతున్నాను. ఒకప్పుడు కాగితం మీద జరిగిన ఈ పని ఇప్పుడు మన జేబులోని ఫోనులో రాత్రింబవళ్ళు జరుగుతున్నది.

వ్రాసి పెట్టుకోవడం తప్పా?

ముందుగా ఒక మాట. పేర్లు వ్రాసుకోవడం, లెక్క కట్టడం చెడ్డ పని అని ఎవరూ అనుకోనక్కరలేదు. దివ్య ఖుర్ఆనులో అన్నిటికన్నా పొడవైన ఆయతు సూరె బఖరాలోని 282వది. అది అప్పు పత్రం వ్రాసుకోవడాన్ని గురించే చెబుతుంది. వ్రాసేవాడు న్యాయంగా వ్రాయాలని కూడా అందులోనే ఆదేశం ఉన్నది. రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో 'దీవాన్' అనే రిజిస్టరు ఏర్పడింది. ఎవరికి ఎంత భృతి ఇవ్వాలో పేరు పేరునా అందులో వ్రాసేవారు. అంటే ప్రజలకు మేలు చేయాలన్నా ప్రజల జాబితా ఒకటి కావలసిందే.

అదే ఉమర్ (రజి) గారిని గురించి మన పెద్దలు చెప్పే మరొక వృత్తాంతం ఉన్నది. ఒక రాత్రి గస్తీ తిరుగుతూ ఒక ఇంట్లో ఏదో తప్పు జరుగుతున్నదని అనుమానించి, గోడ ఎక్కి లోపలికి చూచి ఇంటివానిని గద్దించారట. ఆ మనిషి, "నేను చేసినది ఒక తప్పు, మీరు మూడు చేశారు. కూపీ తీయవద్దని అల్లాహ్ ఆదేశం ఉండగా కూపీ తీశారు. ఇళ్ళలోకి వాకిలి గుండా రావాలని ఉండగా గోడ ఎక్కారు. అనుమతి అడిగి సలాము చెప్పి రావాలని ఉండగా అడగకుండా వచ్చారు" అన్నాడట. ఖలీఫా ఆ మాట ఒప్పుకుని వెళ్ళిపోయారని చెబుతారు. సూరె హుజురాత్, సూరె నూర్ చదివినవారికి ఈ ఆదేశాలు కొత్తవి కావు.

దీవాను పెట్టినది ఆయనే, గోడ దిగినది ఆయనే. వివరాలు సేకరించడం వేరు, గోడ ఎక్కడం వేరు. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ గీయాలి అనేదే అసలు ప్రశ్న. ప్రపంచం ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ చాలా పెద్ద ధర చెల్లించింది.

ఒక మంచి రిజిస్టరు కథ

హాలెండు దేశంలో జనాభా రిజిస్టర్లు చాలా శ్రద్ధగా నడిపేవారు. 1936లో దేశమంతటా ఒకే పద్ధతిలో మనిషికి ఒక కార్డు చొప్పున తయారు చేశారు. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, వృత్తి, వాటితోపాటు మతం కూడా అందులో వ్రాశారు. దీని వెనుక ఎవరికీ దురుద్దేశం ఉన్నట్లు కనబడదు. పాలన సులువు కావాలన్నదే ఉద్దేశం. ఆ శాఖకు పెద్ద అయిన జాకబ్ లెంట్స్ అనే అధికారికి తన పనిలో లోపం ఉండకూడదన్న పట్టుదల ఉండేది.

1940 మే నెలలో హిట్లరు సైన్యాలు హాలెండును ఆక్రమించాయి. తాళం వేసిన బీరువాలన్నీ కొత్త యజమానుల చేతికి వచ్చాయి. 1941లో యూదులందరూ విడిగా నమోదు కావాలని ఉత్తర్వు వెలువడింది. సుమారు 1,40,000 మంది నమోదయ్యారు. నకలు తీయడానికి వీలుకాని గుర్తింపు కార్డును లెంట్స్ తయారు చేసి ఇచ్చాడు. యుద్ధం ముగిసేసరికి ఆ దేశపు యూదులలో లక్ష మందికి పైగా చంపబడ్డారు. అంటే నూటికి డెబ్బై మందికి పైగా. ప్రక్కనే ఉన్న ఫ్రాన్సులో ఈ లెక్క నూటికి పాతికకు దగ్గరగా ఉన్నది. ఈ తేడాకు చరిత్రకారులు ఎన్నో కారణాలు చెబుతారు. మతం గడితో సహా తప్పు లేకుండా నింపిన ఆ రిజిస్టరు కూడా వాటిలో ఒకటి.

1943 మార్చి 27వ తేదీ రాత్రి విల్లెమ్ అరొండేయుస్ అనే చిత్రకారుడు, ఆయన మిత్రులు పోలీసు దుస్తులు ధరించి ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టరు ఆఫీసులోకి వెళ్ళి కార్డులకు నిప్పు పెట్టారు. కార్డులు బిగించి పేర్చి ఉండడంవల్ల చాలా భాగం కాలలేదు. సుమారు 15 శాతం మాత్రమే నాశనమయ్యాయి. ఆ పనికి జూలై 1న పన్నెండు మందిని కాల్చి చంపారు. కొన్నేళ్ళ క్రితం ఒక గుమాస్తా నింపిన ఒక గడిని చెరిపివేయడానికి పన్నెండు ప్రాణాలు పోయాయి. అయినా గడి పూర్తిగా చెరగలేదు.

ఇది శత్రువు దేశంలో జొరబడినప్పటి కథ కదా అని కొందరు అనవచ్చును. అమెరికాలో శత్రువు జొరబడలేదు. 1940 జనాభా లెక్కల వివరాలు గోప్యంగా ఉంటాయని అక్కడి ప్రజలకు హామీ ఉండేది. 1942లో యుద్ధకాలపు చట్టం ఒకటి ఆ హామీని ప్రక్కకు నెట్టింది. జపాను సంతతివారు ఏ పేటలో ఎందరున్నారో ఆ లెక్కలనుండి తీసి సైన్యానికి అందించారు. సుమారు 1,20,000 మందిని శిబిరాలలో బంధించారు. వారిలో చాలామంది అమెరికా పౌరులే.

నేను ఇందులోనుంచి తీసుకున్న పాఠం ఇది: వివరాలు తీసుకున్న చేయి మంచిదైనంత మాత్రాన సరిపోదు. ఆ వివరాలు రేపు ఏ చేతికి వెళ్ళగలవు అని కూడా ఆలోచించాలి. అన్నిటికన్నా భద్రమైన పద్ధతి, అవసరం లేని గడిని మొదటే పెట్టకపోవడం.

రాజమండ్రి బిడ్డ ఒంటరి మాట

మన దేశంలో ఈ ప్రశ్న కోర్టుకెక్కిన కేసులలో ఒకటి ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్‌ది. ఒక దోపిడీ కేసులో సాక్ష్యం లేక ఆయనను వదిలేశారు. అయినా పోలీసులు అర్ధరాత్రులు ఇంటి తలుపు తట్టడం, ఎక్కడికి పోతున్నాడో కనిపెట్టడం మానలేదు. 1962 డిసెంబరు 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదన్నది గాని, గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదన్నది.

ఆ ధర్మాసనంలో జస్టిస్ కోకా సుబ్బారావుగారు ఉన్నారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తర్వాత 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయినవారు. ఎవరో తనను వెన్నంటి చూస్తున్నారని తెలిసిన మనిషి సంకెళ్ళు లేకపోయినా స్వేచ్ఛగా నడవలేడనీ, వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత ఒక భాగమేననీ ఆయన అభిప్రాయం. జస్టిస్ షా ఆయనతో ఏకీభవించారు. కాని అది తక్కువమంది మాట గనుక తీర్పు కాలేకపోయింది.

ఆ తర్వాత 55 సంవత్సరాలు గడిచాయి. ఆధార్ వచ్చింది. మొదటి నెంబరును 2010 సెప్టెంబరులో మహారాష్ట్రలోని తెంభ్లీ అనే పల్లెలో ఇచ్చారు. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ పుట్టస్వామి 2012లో దానిపై సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అప్పటికి ఆయన వయస్సు ఎనభై దాటింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించారు. ఖరక్ సింగ్ తీర్పులోని ఆ భాగాన్ని కొట్టివేశారు. 1962లో నెగ్గని మాట 2017లో దేశమంతటికీ చట్టమైంది.

అయితే గోప్యత హక్కు అన్నాక ఇక ఎవరూ ఏమీ అడగకూడదని అర్థం కాదు. అడిగేదానికి చట్టం ఉండాలి, సరైన ప్రయోజనం ఉండాలి, ఆ ప్రయోజనానికి ఎంత కావాలో అంతే అడగాలి అని కోర్టు కొలత చెప్పింది. 2018 సెప్టెంబరు 26న ఇదే కొలతతో ఆధార్‌ను తూచారు. ప్రభుత్వ సహాయాలకు ఆధార్ అడగవచ్చునని ఎక్కువమంది న్యాయమూర్తులు అన్నారు. ప్రైవేటు కంపెనీలు ఆధార్ చట్టం పేరు చెప్పి దానిని అడగడం చెల్లదన్నారు. బడిలో చేర్చుకోవడానికి తప్పనిసరి చేయరాదన్నారు. ఆధార్ చూపలేకపోయిన కారణంగా ఏ పిల్లకూ రావలసిన సాయం ఆపరాదన్నారు. జస్టిస్ చంద్రచూడ్ మాత్రం చట్టం మొత్తమే చెల్లదని విడిగా తీర్పు వ్రాశారు.

జేబులోని ఖిబ్లా

ఇక మన జేబులోని ఫోను సంగతి. నమాజు వేళలు చెప్పే యాప్, ఖిబ్లా దిక్కు చూపే యాప్ మనలో చాలామంది వాడుతున్నారు. మంచిదే. ప్రయాణంలో ఉన్నవానికి అది గొప్ప సౌకర్యం. కాని ఆ యాప్ మొదట అడిగేది, "మీరు ఎక్కడ ఉన్నారో చూడనిస్తారా?" అని. మనం చదవకుండానే సరే అని నొక్కేస్తాం.

2020 నవంబరులో ఒక అమెరికన్ వార్తాసంస్థ పెద్ద సంగతి బయటపెట్టింది. ప్రపంచంలో 9 కోట్ల 80 లక్షలకు పైగా డౌన్‌లోడ్ అయిన 'ముస్లిం ప్రో' అనే యాప్, తనను వాడేవారు ఎక్కడెక్కడ ఉన్నారో ఆ సమాచారాన్ని 'ఎక్స్-మోడ్' అనే వ్యాపార సంస్థకు పంపుతున్నదనీ, ఆ సంస్థ దగ్గర కొనేవారిలో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు కూడా ఉన్నారనీ ఆ వార్త సారాంశం. ఇది ఎలా జరుగుతుందంటే, యాప్ తయారు చేసేవారు ఇతర సంస్థలు వ్రాసి ఇచ్చిన ప్రోగ్రాం ముక్కలను తమ యాప్‌లో అతికిస్తారు. ఇంటి యజమానిని అడిగి లోపలికి వచ్చిన చుట్టం తన వెంట ఇంకొకరిని తెచ్చినట్లన్నమాట. మనం సలాము చెప్పినది ఒకరికి, ఇల్లంతా చూచినది మరొకరు. వార్త వచ్చిన తర్వాత ముస్లిం ప్రో ఆ సంబంధం తెంచుకున్నట్లు ప్రకటించింది. డిసెంబరులో ఆపిల్, గూగుల్ సంస్థలు ఆ ప్రోగ్రాం ముక్కను తీసివేయమని యాప్‌ల వారందరికీ చెప్పాయి. 2024 జనవరిలో అమెరికా ప్రభుత్వ ట్రేడ్ కమిషన్, ఆస్పత్రులు, ప్రార్థనా స్థలాలు వంటి సున్నితమైన చోట్లకు సంబంధించిన సమాచారం అమ్మరాదని ఎక్స్-మోడ్‌ను కట్టడి చేసింది.

ఇక్కడ నేను బడిలో చెప్పే లెక్క ఒకటి చెబుతాను. భూమి ఒక డిగ్రీ రేఖాంశం తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. మన హైదరాబాదు ప్రాంతంలో ఒక డిగ్రీ అంటే దాదాపు 106 కిలోమీటర్లు. అంటే తూర్పు నుండి పడమరకు సుమారు 26 కిలోమీటర్లు పోతే నమాజు వేళ ఒక్క నిమిషం మారుతుంది. ఖిబ్లా అయితే ఇక్కడినుండి పడమరకు కొద్దిగా ఉత్తరం వైపు. పేట మారినంత మాత్రాన దిక్కు మారదు. కాబట్టి నమాజు వేళ చెప్పడానికి యాప్‌కు మన ఊరి పేరు చాలు. మన వీధి, ఇల్లు, ఏ మస్జిదుకు పోయాము, ఏ ఆస్పత్రి మెట్లెక్కాము అనేది తెలియవలసిన పని లేదు. మా నాన్నగారి కాలంలో మస్జిదు గోడకు వ్రేలాడే వేళల పట్టిక ఇదే పని చేసేది. అది మనలను తిరిగి చూచేది కాదు.

పెద్ద కోర్టు చెప్పిన కొలత, ఈ నిమిషాల లెక్క ఒకటే. పనికి ఎంత కావాలో అంతే ఇవ్వాలి.

తక్కెడకు రెండు తట్టలు

అయితే అంతా దాచుకోవడమే మంచిదని చెబితే అదీ న్యాయం కాదు. స్కాలర్‌షిప్పు డబ్బు నేరుగా పిల్ల ఖాతాలో పడడంవల్ల మధ్యలో చేయి చాచేవారు తగ్గారు. ఆధార్ భయంతో దరఖాస్తే పెట్టక పిల్ల సాయం పోగొట్టుకున్న కుటుంబాలూ నాకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి ఉపాధి హామీ పనులకు సోషల్ ఆడిట్ మొదలుపెట్టారు. గ్రామసభలో అందరి ఎదుట ఎవరికి ఎన్ని రోజుల కూలి వ్రాశారో చదివి వినిపించేసరికి దొంగ మస్టర్లు బయటపడ్డాయి. పేర్లన్నీ రహస్యమని అక్కడ మూసి పెట్టి ఉంటే దొంగకే లాభం. కాబట్టి అధికారం ఉన్నవాని లెక్కకు పరదా ఉండకూడదు. బలహీనుని కష్టానికి పరదా ఉండాలి. ఈ రెండు తారుమారైనప్పుడే చిక్కు వస్తుంది.

ఈ తూకం కోసమే చట్టాలు పుట్టాయి. లోకంలో మొట్టమొదటి సమాచార రక్షణ చట్టం 1970లో జర్మనీలోని హెస్సె రాష్ట్రం చేసింది. హిట్లరు కాలం చూచిన ప్రజలు గనుక వారికి ఆ భయం ముందు తెలిసింది. 1983లో జనాభా లెక్కల మీద అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, తన వివరాలు ఎవరికి ఎంత తెలియాలో నిర్ణయించుకునే హక్కు మనిషిదేనని తీర్పు చెప్పింది. 2018 మే 25 నుండి ఐరోపా యూనియన్ అంతటా ఒకే చట్టం అమలులోకి వచ్చింది.

మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టానికి 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం లభించింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. వాటిని విడతలుగా అమలులోకి తేవాలని నిర్ణయించారు. చెప్పిన పనికి కావలసినంతే తీసుకోవాలనీ, పని ముగిశాక చెరిపివేయాలనీ, 18 ఏళ్ళు నిండని పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి ఉండాలనీ అది చెబుతుంది. అనుమతి అడిగే నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే వీలు ఉండాలి. అంటే తెలుగులోనూ, ఉర్దూలోనూ అడగమనవచ్చు. ఇది మనకు ఉపయోగపడే మాట. అయితే భద్రత, శాంతిభద్రతల పేరిట ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చే అధికారం కూడా ఆ చట్టంలో ఉన్నది. హాలెండు, అమెరికా కథలు చదివినవారు ఆ తలుపు మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

మన వివరాలు పెట్టుకునేవారికి ఆ చట్టంలో ఇచ్చిన పేరు 'డేటా ఫిడ్యూషియరీ'. తన మీద నమ్మకంతో ఇచ్చినదానిని కాపాడవలసినవాడు అని దాని భావం. మన ఇళ్ళలో దీనికి ఎప్పటినుంచో ఒక పేరుంది: అమీన్. ఇచ్చిన వస్తువు పేరు అమానత్.

మన సంఘం ఏమి చేయాలి?

ఈ చట్టం కంప్యూటరులోకి ఎక్కిన వివరాల గురించి మాట్లాడుతుంది. బజ్జీల పొట్లం సంగతి మన మనస్సాక్షికి వదిలింది. కాబట్టి ఇంటి దీపం ముందుగా వెలిగిద్దాం. మన సంఘాల బీరువాలలో ఏముందో చూడండి. జకాత్ అడిగిన వితంతువుల పేర్లు, అప్పుల వివరాలు, పెళ్ళికి సాయం పొందిన ఆడపిల్లల ఫోటోలు, రోగుల రిపోర్టులు. రంజాన్‌లో రేషను కిట్టు ఇస్తూ తీసిన ఫోటోలు ఊరంతటి వాట్సాప్ గ్రూపులలో తిరుగుతున్నాయి. దాతకు లెక్క చూపాలి కదా అంటారు. నిజమే, పైసాతో సహా చూపాలి. ఎన్ని కుటుంబాలకు ఎంత ఇచ్చామో ఆడిట్ చేయించి గోడకు అంటించండి. పేదరాలి ముఖం మాత్రం అంటించవద్దు.

ఆ సంఘటన తర్వాత మా బడిలో కొన్ని పనులు మొదలుపెట్టాం. దరఖాస్తు కట్ట వెంట ఒక మనిషి నెట్ సెంటరుకు వెళ్ళి, పని కాగానే కాగితాలన్నీ లెక్కపెట్టి తిరిగి తెస్తాడు. ఎక్కువైన కాపీలు అక్కడే చింపిస్తాడు. ఆధార్ మొత్తం నెంబరు అక్కరలేని చోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తున్నాం. ఫోనులో యాప్ చోటు అడిగితే 'వాడుతున్నప్పుడు మాత్రమే' అని నొక్కడం, వీలుంటే ఊరి పేరు చేత్తో వ్రాయడం పిల్లలకు నేర్పుతున్నాం. ఓటీపీగాని, వేలిముద్రగాని ఎందుకో తెలియకుండా ఎవరికీ ఇవ్వవద్దని తల్లులకు చెబుతున్నాం. ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు. మన సంఘం కూడా మొదలుపెట్టవచ్చును. ప్రతి ఫారం ముందు పెట్టుకుని మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు: ఈ గడి ఎందుకు? ఈ కాగితం ఎవరి చేతికి పోతుంది? పని అయిన తర్వాత దీనిని ఏమి చేస్తాం?

మహాప్రవక్త (స) మక్కా విడిచి మదీనాకు బయలుదేరిన రాత్రి శత్రువులు ఇంటిని చుట్టుముట్టి ఉన్నారు. అంతటి ఆపదలోనూ తన వద్ద జనం దాచుకున్న సొమ్మును ఎవరిది వారికి అప్పగించి రమ్మని హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచారని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. ఆ దాచుకున్నవారిలో ఆయనను వెళ్ళగొట్టినవారూ ఉన్నారు. అమానత్ అంటే అంతటిది. ఈ కాలంలో పేదవాని దగ్గర సొమ్ము ఉండకపోవచ్చును గాని, పేరు ఉన్నది, ముఖం ఉన్నది, ఇంటి గుట్టు ఉన్నది. వాటిని నమ్మి మన చేతిలో పెడుతున్నాడు.

ఆ తండ్రి తన పిల్లను బడి మాన్పించలేదు. వాళ్ళ ఫోను నెంబరు మార్చుకున్నారు, అంతే. ఈ ఏడు కూడా దరఖాస్తు నింపి తెచ్చి నా చేతికే ఇచ్చారు. ఆ కాగితాన్ని నేను రెండు చేతులతో తీసుకున్నాను. మన అందరికీ అమానత్‌ను కాపాడే శక్తిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.